దెబ్బ పడని బడి

సోమవారం పొద్దున వరప్రసాదం వేసుకున్న పథకంలో ప్రమాదమంటూ ఏమీ లేదు. బస చేసిన ఇంట్లో మగ్దలీనమ్మ పెట్టిన సంగటి తినాలి. బడి తెరిచి ప్రార్థన చేయించాలి. మేక మీద పాఠం చెప్పి, మధ్యాహ్నం ఒక పిల్లవాణ్ణి ఎంచుకుని వాడి మనస్తత్వాన్ని పరిశీలించాలి. వీటన్నిటికన్నా ముందు పిల్లల్ని కొట్టటానికి బడి చూరులో దోపి ఉన్న చింతబరికెల కట్టను తీసి పారేయాలి. అన్నిటిలోకీ ఈ పనే తేలికని అనుకున్నాడు, పాపం.

అతను మార్కాపురం ట్రైనింగు స్కూల్లో చదువుతున్నాడు. ఎలిమెంటరీ బడి పంతులు కావాలంటే లెక్కలూ భూగోళమూ వస్తే చాలదు, సైకాలజీ కూడా రావాలి. మిగిలినవన్నీ గట్టెక్కాడు గానీ సైకాలజీలో పోయిన ఏడు తప్పాడు. ఈసారీ తప్పితే స్కూల్లో పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే తండ్రి దావీదు వెంట పలకల గనిలో దిగాలి. దావీదు ఇల్లు చేరకముందే ఆయన దగ్గు ఇల్లు చేరేది. "నువ్వన్నా ఈ దుమ్ములోకి రాబాకు నాయనా" అని ఆయన రోజూ అనే మాట వరప్రసాదానికి చదువుకునేటప్పుడు కూడా చెవుల్లో ఉండేది.

సైకాలజీ చెప్పే సంజీవరావు గారు మద్రాసులో చదివి వచ్చినవారు. పల్లె పిల్లలంటే ఆయనకు చాలా ప్రేమ, అయితే ఎప్పుడూ దగ్గరగా చూసి ఎరగరు. "పిల్లవాడు పువ్వు. ప్రాక్టీసుకు వెళ్ళిన చోట ఎవరి చేతిలోనైనా బరికె కనబడిందా, సైకాలజీలో సున్నా" అని క్లాసులో చెప్పి పంపారు. వరప్రసాదానికి ఆ బెదిరింపు అవసరం లేదు. చిన్నప్పుడు ఎక్కం తప్పినందుకు పంతులు కొట్టిన దెబ్బకు అతని కుడిచేతి చిటికెనవేలు వంకరపోయింది. ఈనాటికీ చాచలేడు. తాను పంతులైతే ఒక్క పిల్లవాడి మీద కూడా చెయ్యి ఎత్తనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. పంతులు కావాలని అతనికి కోరిక పుట్టిందే ఆ ఒట్టు కోసం.

ప్రాక్టీసు బడి తర్లుపాడు స్టేషనులో దిగి చేలగట్ల మీద నడిస్తే వచ్చే పల్లెలో పడింది. పాత పంతులు సెలవులో ఉన్నాడు. ఒకటే కొట్టం. మామూలు రోజుల్లో బడి, ఆదివారం మందిరం. పిల్లలంతా క్రైస్తవ సంఘంలోని కూలీల పిల్లలే. పల్లె పక్క ఊళ్ళో గొర్రెలు కాసే మస్తానయ్య కొడుకు కాటమరాజు ఒక్కడు మాత్రం వచ్చి గుమ్మం దగ్గర విడిగా కూర్చునేవాడు.

బరికెల కట్టను వరప్రసాదం తాను దిగిన ఇంటి పెద్దావిడ మగ్దలీనమ్మ చేతికిచ్చాడు. "మంచి బరికెలు నాయనా. పాత అయ్యోరు ఏరి ఏరి కోసినాడు" అని ఆమె నొచ్చుకుంటూనే పొయ్యిలో పెట్టింది.

మేక పాఠానికి సంఘపెద్ద నిత్యానందం కొడుకు ఏబేలు ఏకంగా మేకనే తోలుకొచ్చాడు. అది వరసగా పెట్టిన పలకల మీద నడిచింది. పలకలు పటపటా విరిగాయి. ఏబేలు ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. వరప్రసాదం గబగబా దగ్గరికి వెళ్ళాడు. వాడి తల నిమిరి, "నీ తప్పేం లేదులే నాయనా, పోయి కూచో" అన్నాడు.

ఏబేలు కళ్ళు తెరిచాడు. చాచిన చేతిని ఒకసారి, పంతులు మొహాన్ని ఒకసారి చూశాడు. తర్వాత బావురుమని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు.

ఆ పల్లెలో పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు తండ్రి పంతులుతో ఒక మాట అని వస్తాడు. "కళ్ళూ కీళ్ళూ మాకొదిలి, తక్కింది నీ ఇష్టం." అట్లా అప్పజెప్పిన పిల్లవాణ్ణి పంతులు ముట్టకుండా వదిలాడంటే ఏదో ఉండి తీరాలి. పాత పంతులు పోయిన ఏడు ఒకే ఒక పిల్లను కొట్టడం మానుకున్నాడు. లీదియా అని, యల్లమ్మ పెద్దకూతురు. జ్వరంతో ఉన్న ఆ పిల్ల మొహం చూసి ఆయనకే జాలేసింది. క్రిస్మసు రాకముందే ఆ పిల్లను సమాధుల దొడ్డికి మోసుకుపోయారు. అది పల్లెలో ఎవరూ మర్చిపోలేదు.

సాయంత్రం నిత్యానందం పైగుడ్డ చేత్తో నలుపుకుంటూ వచ్చాడు.

"అయ్యోరా, పలకలు పగిలినాయంట. అయినా మావోణ్ణి కొట్టలేదంట. ఎందుకు?"

"కొట్టగూడదు పెదనాయనా. ఇప్పుడు వాని స్థితి అట్లాంటిది."

బాల్యావస్థ అని వరప్రసాదం ఉద్దేశం. నిత్యానందం గోడకు ఆనుకున్నాడు. తండ్రి తనంతట తానే వచ్చినందుకు వరప్రసాదానికి మహా సంతోషం కలిగింది. పరిశీలనకు ఇంతకన్నా మంచి అదను దొరకదు. సంజీవరావు గారు నేర్పిన ప్రశ్నలన్నీ వరసగా అడిగాడు. పిల్లవాడు నిద్రలో కలవరిస్తాడా? పుట్టగానే ఏడ్చాడా? వంశంలో ఎవరికైనా మతి తప్పిందా, మూర్ఛలు వచ్చాయా?

"మా మేనత్తకు మూర్ఛలుండె" అన్నాడు నిత్యానందం పీలగా.

"అనుకున్నా" అని వరప్రసాదం తృప్తిగా తల ఊపాడు.

"దీనికి మందేమన్నా ఉందా నాయనా?"

"మందెందుకు? మనం అడ్డం పోకుండా చూస్తా ఉండాల, అంతే. మా సారు గట్టిగా చెప్పినాడు."

మంగళవారం ఏబేలు క్రిస్మసు చొక్కా తొడుక్కుని తల్లి రూతమ్మ చంకలో బడికి వచ్చాడు. చంకనెత్తుకునే వయసు వాడికి దాటి చాలా కాలమైంది. కాళ్ళు నేలకు రాసుకుంటున్నాయి. పొద్దున్నే కోడికూర తిన్నానని పక్కవాళ్ళకు చెప్పాడు. ఆ రోజు కూడా బడిలో ఎవరికీ దెబ్బ పడలేదు. సాయంత్రం ప్రతి తల్లీ పిల్లల్ని నిలబెట్టి, "ఈ పొద్దు అయ్యోరు కొట్టినాడా లేదా?" అని అడిగింది. నిజం చెప్పే పిల్లలు లేదన్నారు. అబద్ధాలాడే పిల్లలు కూడా కోడికూరను తలుచుకుని ఆ ఒక్కసారికి నిజమే చెప్పారు. పొద్దుగూకే వేళకు పల్లెలో కోళ్ళు పలచబడ్డాయి, ఏడుపులు ఎక్కువయ్యాయి.

బుధవారం మస్తానయ్య బడి గుమ్మానికి వేపమండలు కట్టి, మందను కొనకనమిట్ల వైపు తోలించాడు. ఏ రోగమో తెలియదు గానీ ఏదో వచ్చిందని ఊళ్ళోనూ రూఢి అయింది. సంఘపెద్దలు కూడి, శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టాలని, పిల్లలందరినీ మందిరంలో చాపల మీద పండబెట్టి నూనె రాసి ప్రార్థించాలని తీర్మానించారు. మందిరమంటే బడే. శుక్రవారమంటే సంజీవరావు గారు ఇన్‌స్పెక్టరు గారిని వెంటబెట్టుకుని వరప్రసాదం పాఠం చూడటానికి వస్తున్న రోజే.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి వరప్రసాదం గొంతులోకి సంగటి ముద్ద దిగలేదు. గురువారం ఇల్లిల్లూ తిరిగాడు.

"పిల్లలకేమీ లేదక్కా. గుండ్రాళ్ళ మాదిరి ఉన్నారు" అన్నాడు రూతమ్మతో.

"మరి కొట్టలేదేంది?"

"అది సైకాలజీ అక్కా."

రూతమ్మ ఏబేలును వెనక్కు లాక్కుంది. "అంటుకునేదేనా?"

"రోగం కాదక్కా, శాస్త్రం."

"లీదియాకు కూడా డాకటేరు ఏదో రోగం పేరు చెప్పినాడు. పేరు చెప్పినాక మూన్నాళ్ళు ఉండె." ఆమె ఏడుస్తూ తలుపు వేసుకుంది. ఏ ఇంటికి పోయినా ఇదే వరస. అతను ఎంత మెత్తగా మాట్లాడితే వాళ్ళకు అంత భయం పెరిగింది. తిరిగి తిరిగి వచ్చి మగ్దలీనమ్మ అరుగు మీద కూలబడి, నిజంగానే ఏడ్చాడు.

"నువ్వు ప్రభువు మీద ఒట్టేసి చెప్పినా నమ్మరు నాయనా. ఒక్క దెబ్బ ఎయ్యి, నమ్ముతారు" అంది మగ్దలీనమ్మ.

"నా వల్ల గాదు పెద్దమ్మా. కొట్టకుండా ఉండాలనే గదా నేను ఈ చదువుకొచ్చింది."

"అయితే రేపు వచ్చే సార్లకు చాపల మీద పండిన పిల్లల్ని చూపించుకో. ఆనక నువ్వూ మీ నాయనా కలిసి రాళ్ళు కొట్టుకోండి."

శుక్రవారం తెల్లవారింది. కొట్టంలో పిల్లలంతా వరసగా పడుకుని ఉన్నారు. నూనెకు నుదుళ్ళు మెరుస్తున్నాయి. తల్లులు వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని పాడుతున్నారు. కొందరు పిల్లలు తాము నిజంగానే పోతున్నామని నమ్మి బిక్కచచ్చి ఉన్నారు. ఆ మొహాలు చూశాక వరప్రసాదానికి సైకాలజీ గుర్తు రాలేదు, గని కూడా గుర్తు రాలేదు. బయటికి పోయి, బడి ముందున్న చింతచెట్టు బరికె ఒకటి విరుచుకొచ్చాడు.

"ఏబేలూ, లేచి రా. పలకలు ఎందుకు పగలగొట్టినావు?"

ఏబేలు దిగ్గున లేచాడు. వాడి మొహంలో ఆశ కనిపించింది. చెయ్యి చాచాడు. వంకర వేలితో పట్టు కుదరక దెబ్బ మెత్తగా తగిలింది.

"గట్టిగా, అయ్యోరా" అన్నాడు నిత్యానందం, చేతులు జోడించి.

రెండో దెబ్బకు ఏబేలు "అబ్బా" అన్నాడు. రూతమ్మ "స్తోత్రం ప్రభువా" అంటూ మోకాళ్ళ మీద పడిపోయింది. అంతే, చాపలు ఖాళీ అయ్యాయి. తల్లులు పిల్లల్ని రెక్కపట్టి తెచ్చి వరసలో నిలబెట్టారు. "మావోనికి ఒకటే ఏసినావు, పక్కింటోనికి రెండు పడినాయి. మావోనికేమన్నా ఉందా?" అని ఒక తల్లి నిలదీసింది. మస్తానయ్య గుమ్మం అవతల నుంచే, "మావోనికి పొడుగు బరికె చూడు అయ్యోరా. మా అమ్మకు మడి పట్టింపు" అని బతిమాలాడు. వరప్రసాదం కళ్ళు మూసుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుండగా అందరినీ కొట్టాడు. అవి ఆనందబాష్పాలని పల్లె అనుకుంది. చివర్న యల్లమ్మ ఆ బరికెను కళ్ళకద్దుకుని, ఇంకా బడికి రాని తన చిన్నకూతురి కోసం ఇంటికి పట్టుకుపోయింది.

ఆమె అటు పోగానే ఇటు బండి వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు గారు గుమ్మానికున్న వేపమండలు చూసి, తోరణం కట్టారని మురిసిపోయారు. లోపల పల్లెలోని ప్రతి పిల్లా, ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఉన్నారు. పిల్లల తలలు నున్నగా నూనె రాసి ఉన్నాయి. అందరూ నవ్వుతున్నారు. ఎక్కడా బరికె లేదు. సంజీవరావు గారు చూరులోకి కూడా తొంగిచూసి పొంగిపోయారు.

వరప్రసాదం ఆయన ఎదుట నిలబడి, "సార్, నేనిప్పుడే అందర్నీ కొట్టినాను. నాకు సున్నా ఇయ్యండి" అన్నాడు.

"చూశారా వినయం?" అన్నారు సంజీవరావు గారు, ఇన్‌స్పెక్టరు గారి వైపు తిరిగి.

ఇన్‌స్పెక్టరు గారు లౌక్యం తెలిసినవారు. నేరుగా నిత్యానందాన్నే అడిగారు. "ఏమయ్యా, మీ పంతులు కొడతాడా?"

"కొడతాడు సారూ, బంగారం లాగా కొడతాడు. మావోనికి రెండు పడినాయి. మా ఇండ్లన్నీ నిలబెట్టినాడు."

సంజీవరావు గారు నవ్వుతూ, ప్రేమను చెప్పుకోవటానికి వీళ్ళకు వేరే మాటలు ఉండవండీ అని వివరించారు. ఇన్‌స్పెక్టరు గారు ఏబేలు గడ్డం పట్టుకుని, "నొప్పి పుట్టిందా?" అని అడిగారు.

"పుట్టింది సారూ" అన్నాడు ఏబేలు, చెవుల దాకా నవ్వుతూ.

"దెబ్బ తిన్న పిల్లవాడు ఇట్లా నవ్వడు" అని తేల్చేశారు ఇన్‌స్పెక్టరు గారు.

సైకాలజీలో వరప్రసాదానికి మొదటి స్థానం వచ్చింది. దావీదు గనిలో అందరికీ బెల్లం పంచాడు. పల్లె పెద్దలు మార్కాపురం దాకా నడిచి పోయి, ఆ అయ్యోరే మాకు కావాలని పట్టుబట్టి అక్కడికే వేయించుకున్నారు. ఇప్పుడు రోజూ పొద్దున ప్రార్థన కాగానే పిల్లలంతా చేతులు చాచి వరసలో నిలబడతారు. తల్లులు గుమ్మంలో నిలబడి చూస్తారు. ఏ పిల్లకు దెబ్బ తప్పినా ఆ సాయంత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వరప్రసాదం వంకర వేలు మడిచి కళ్ళు మూసుకుంటాడు. తనకు కావలసింది ఇది కాదని చెప్పుకోవటానికి అతనికి మనిషంటూ లేడు. చెప్పినా నమ్మరని అతనికి తెలుసు.

దెబ్బ లేకుండా బడి నడపవచ్చుననటానికి సంజీవరావు గారు ఏటా కొత్త విద్యార్థులకు ఆ పల్లె పేరే చెబుతారు. బడి ముందున్న చింతచెట్టుకు మాత్రం చెయ్యి అందే ఎత్తులో కొమ్మ మిగల్లేదు.