తోక ఉన్న బండి, చావు లేని ఊరు

మా ఊళ్ళో చావు ఆగిపోయింది. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోండి. పాత కుటుంబాల ముసలివాళ్ళు ఒక్కరూ పోవడం లేదు. పోవడానికి ఒప్పుకోవడం లేదు!

ఇదేదో డాక్టర్ల గొప్పతనం అనుకునేరు. ఈ ఘనతంతా మా సమాధుల తోట కమిటీది. ఇంకా తిన్నగా చెప్పాలంటే, ఆ కమిటీ ఏరికోరి కొన్న, మట్టి తవ్వే మినీ ఎక్స్‌కవేటర్‌ది. తప్పు బండిని ఎంచుకోవడంలో ఎంత ప్రజాసేవ ఉందో తెలియక చాలా ఊళ్ళవాళ్ళు సరైన బండి కొనేసి, నిశ్చింతగా చచ్చిపోతున్నారు.

మా వెర్మాంట్ కొండల్లో చలికాలం నేల రాయిలా బిగుసుకుపోతుంది. అప్పుడు పోయినవాళ్ళు తోట గేటు పక్కనున్న రాతిగదిలో వసంతం దాకా ఓపిగ్గా ఎదురుచూస్తారు. మంచు కరిగి, బురద ఆరాక గోతులు తవ్వే డ్వైట్ పార పట్టుకుని వచ్చేవాడు. ఈ ఏడు డ్వైట్ నడుము మొండికేసింది. అందుకని మార్చిలో ఊరి సభలో బీన్స్, ఆపిళ్ళ తీపి రొట్టె కడుపారా తిన్నాక, ఒక బండి కొనమని అందరం చేతులెత్తాం.

తోట ఒకటే గానీ అందులో చోట్లు రెండు రకాలు. రోడ్డు వైపు కొత్త భాగమంతా మైదానం, ఏనుగును తోలినా అడ్డేమీ లేదు. చర్చి వెనక పాత భాగంలో మాత్రం పాత కుటుంబాల సమాధి రాళ్ళు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి.

షోరూంలోనూ రెండు బండ్లే మిగిలాయి. చిన్నదానికి తోక లేదు. గిర్రున తిరిగినా దాని ఒళ్ళు చక్రాల బదులున్న పట్టాల మీదే ఉంటుంది. పెద్దదానికి తోక ఉంది. ఎక్కువ బరువు ఎత్తాలి కాబట్టి వెనకాల ఇనుప దిమ్మ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. చిన్నదానికి నెత్తిన రేకు తప్ప ఏమీ లేదు. పెద్దదానికి అద్దాల గది, హీటరు, కాఫీ కప్పు పెట్టుకునే చోటు! మా కమిటీ పెద్ద మెర్ల్ స్టోడార్డ్ ఆ కప్పు చోటు చూసి మనసు పారేసుకున్నాడు.

"సమాధులు తవ్వడానికి ఇంత పెద్దదెందుకు మెర్ల్?" అని అడిగాను. ఒకే బడిలో చదువుకున్నాం, నాకా చనువుంది.

"రేపు ఏ అవసరం వస్తుందో ఎవరికి తెలుసు కోలెట్? పెద్దదుంటే చిన్న పనీ అవుతుంది. చిన్నదాంతో పెద్ద పని అవుతుందా?"

చూశారా తర్కం! ఈ లెక్కన వాళ్ళింట్లో చెవిలో గుబిలి పారతో తీసుకోవాలి.

"మరి తిరిగినప్పుడు దాని వెనక సంగతి?"

"వెనక ఎవరుంటారని? అంతా పడుకున్నవాళ్ళేగా."

కమిటీవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, జోకు బాగుంది మరి. తర్వాత మెర్ల్ టేపు తీసి బండి పట్టాల వెడల్పు కొలిచాడు, పాత భాగంలో రాళ్ళ మధ్య దారి కొలిచాడు. బెత్తెడు జాగా మిగిలింది. చప్పట్లు! బండి లోపలికి పడుతుందా లేదా అని చూశారు గానీ, వెళ్ళాక అది అక్కడ తిరగాలన్న నా మాట ఒక్కరికీ తలకెక్కలేదు. మా ఊరి మగవాళ్ళు గ్యారేజీలో పడవ తయారుచేసి, ఆనక తలుపు కొలుచుకునే రకం.

బండి చేసిన సేవలు తక్కువా? కొత్త భాగంలో అద్భుతంగా తవ్వింది. పడుకోబెట్టడానికి మనుషులు చాలక, మెర్ల్ చర్చి ముందర ఎవరూ అడగని కాలువ తవ్వాడు. ఫైర్ స్టేషన్ వెనక గుంట తవ్వాడు. ఇప్పుడక్కడ బాతులు కాపురం పెట్టాయి.

మే నెలలో పాత భాగంలో హేరియట్ పెల్ వంతు వచ్చింది. బతికినన్నాళ్ళూ ప్రతి వరసలోనూ పక్కవాళ్ళని ముందు పంపిన మనిషి, చలికాలమంతా రాతిగదిలో కిక్కురుమనకుండా ఉంది. మెర్ల్ బండిని నేరుగా లోపలికి తోలాడు. ముచ్చటగా తవ్వాడు. మట్టి పక్కన పోయడానికి బండిని తిప్పాడు. అప్పుడది తోక జాడించింది. పొగరుబోతులను అనే మాట కాదిది, నిజంగానే ఆ ఇనుప దిమ్మ తిరిగి పక్క వరసలో రాయిని కొట్టింది.

ఆ రాయి మాది. మా ఆర్మాండ్‌దీ నాదీ.

ఇక్కడ మొగుడూ పెళ్ళాలకు ఒకటే రాయి. ఆయన పోయినప్పుడే నా పేరూ చెక్కించాను. పేరు, పుట్టిన ఏడు, ఒక చిన్న గీత. గీత తర్వాత నున్నటి ఖాళీ. ఏటా జెరేనియం పూలమొక్కలు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆ ఖాళీని చేత్తో తుడిచి వస్తుంటాను. భయమేమీ వేయదు. మంచం మీద నా వైపు దుప్పటి సర్ది పెట్టినట్టు ఉంటుంది.

తోక సరిగ్గా ఆ మూలనే ఎగరగొట్టింది.

మెర్ల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కోలెట్, మీ రాయికి కొంచెం పెచ్చు లేచింది."

"ఎక్కడ?"

"నీ వైపు. నువ్వు పుట్టావు, అంతవరకు బాగానే ఉంది."

వెంటనే తనే అందుకున్నాడు. "బీమావాళ్ళు ఇక పాత భాగంలోకి బండి తేవద్దన్నారు. హేరియట్‌ని ఎలాగో చేర్చాం. ఇంకెవరికీ కుదరదు. నీకు కొత్త భాగంలో చోటిస్తాం. విశాలంగా ఉంటుంది, బండి కూడా హాయిగా తిరుగుతుంది."

"మరి ఆర్మాండ్?"

మెర్ల్ టోపీని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. టోపీకి తోక లేదు కాబట్టి మా వంటింట్లో ఏమీ పగల్లేదు.

అప్పటి నుంచి మా పాత కుటుంబాల్లో ఆరోగ్యం వెల్లివిరుస్తోంది. ఆస్పత్రిలో అందరూ ఆశ వదులుకున్న ఎడ్నా, "ఆ బండి సంగతి తేలేదాకా నాకు తీరిక లేదు" అని లేచి ఇంటికొచ్చేసింది. వాల్డో పొగ పైపు మానేసి రోజూ కొండ ఎక్కి దిగుతున్నాడు. ఇక నేనైతే చిరంజీవినే. తేదీ చెక్కడానికి రాయే లేకపోతే చావు వచ్చి మాత్రం ఎక్కడ సంతకం పెడుతుంది?

కాబట్టి మిగతా ఊళ్ళ కమిటీ పెద్దలారా, తోక ఉన్నదే కొనండి. చోటు ఎంత ఇరుకైతే అంత పెద్దది కొనండి!

ఒక్కటే చిక్కు. నాకు చిరంజీవిగా ఉండాలని లేదు. తొందరేమీ లేదు గానీ, పోయాక మాత్రం ఆర్మాండ్ పక్కనే ఉండాలని ఉంది. ఆయనకు మాటిచ్చాను. చెప్పడానికి సిగ్గెందుకు?

నిన్న షోరూంకి వెళ్ళాను. చిన్నది ఇంకా మూలనే పడి ఉంది. దాన్ని ఒక్క చుట్టు తిప్పి చూపించమన్నాను. ఒక పక్క గోడ, ఇంకో పక్క గడ్డి కోసే యంత్రాలు. దేనికీ తగల్లేదు.

అమ్మేవాడు కిందికి దిగి మర్యాదగా అడిగాడు. "ఎలాంటి సైటుకి కావాలమ్మా?"

"ఇరుకైనది నాయనా," అన్నాను. "పక్కనే మా ఆయన పడుకుని ఉన్నాడు."