ప్రశ్నలు చివర్లో

ఎదుటి మనిషికి మనసు ఉందో లేదో ఇంతవరకూ తేలలేదు. అది తేలకపోవడం మానవజాతికి దొరికిన గొప్ప వరం!

నవ్వకండి. ఊరి బడిలో ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణే అయినా ఈ మాట ఆషామాషీగా అనడం లేదు. మా అక్క భర్త, అంటే మా బావ, యూనివర్సిటీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. మనసూ, మతమూ ఆయన సబ్జెక్టు. ముప్పయ్యేళ్ళుగా ఆయన తేల్చాలని చూస్తున్నది ఇదే. తేల్చలేకపోయిన కొద్దీ ఆయన హోదా పెరిగింది. మొదట లెక్చరర్, తరవాత రీడర్, ఆ తరవాత ప్రొఫెసర్. ఈమధ్యే శాఖాధిపతి కూడా అయ్యారు.

ఇంకే పనిలోనైనా ఈ సుఖం ఉందా? ముప్పయ్యేళ్ళు తవ్వినా నీళ్ళు పడలేదంటే బావి తవ్వేవాణ్ణి మళ్ళీ ఊళ్ళోకి రానిస్తారా? తాళం తీయలేని తాళాలవాడికి ఎవరైనా సన్మానం చేస్తారా?

పొరపాటున ఎవడో ఒకడు 'అందరికీ మనసుందండీ' అని రుజువు చేసేశాడనుకోండి! ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి! ఎన్ని సెమినార్లు మూతపడతాయి! ఇన్ని కళ్ళజోళ్ళు ఏ ముఖాల మీద కూర్చోవాలి?

ఒకసారి బావ వెంట సెమినార్‌కి వెళ్ళాను, ఆయన పుస్తకాల సంచులు మొయ్యడానికి. ఆకలి, దుఃఖం లాంటివి నిజంగా ఉన్నాయా, ఉన్నాయని మనం ఊరికే అనుకుంటున్నామా అన్నది చర్చ. మూడు రోజులు సాగింది. ఆకలి అనేది లేనేలేదని ఒకాయన గంటసేపు బల్ల గుద్ది మరీ నిరూపించాడు. భోజనాల బెల్లు మోగింది. అందరికన్నా ముందు ప్లేటు పట్టుకున్నది ఆయనే.

బావ పేపర్లు చదివేవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద నలుగురట. ఆ నలుగురు రాసినవి ఈయన చదువుతారు. ఈయన వాళ్ళని ఉదహరిస్తారు, వాళ్ళు ఈయనని ఉదహరిస్తారు. తగాదా పడినా మర్యాదగా పేజీ నంబరు వేసి పడతారు. పొలం గట్ల దగ్గర ఇంత క్రమశిక్షణ ఎక్కడ చూస్తాం చెప్పండి!

బావకి పేరు తెచ్చిన మొదటి పేపరు మా అక్క మీద రాసిందే. అక్క రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో బావ అది చూసి ముచ్చటపడ్డారు. ముచ్చటపడి నోట్‌బుక్కు తెచ్చుకున్నారు. ఎంతసేపు నిలబడింది, పెదాలు కదిలాయా, పొయ్యి మీద పాలు పొంగితే కళ్ళు తెరిచిందా, అన్నీ రాసుకున్నారు. ఆ పేపర్లో అక్కకి పేరు లేదు. 'ఒక గృహిణి' అని ఉంటుంది.

"దేవుడు వింటాడని నిజంగా నమ్ముతావా, లేక నమ్ముతున్నానని అనుకుంటున్నావా?" అని అడిగారట ఒకరోజు.

"ఇంట్లో వినేవాళ్ళుంటే అక్కడిదాకా ఎందుకు పోతానండీ?" అంది అక్క.

ఆ ఒక్క వాక్యం మీద బావ తొమ్మిది పేపర్లు రాశారు. విదేశాలు కూడా తిరిగొచ్చారు. వాక్యానికి అర్థం ఏమిటన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది.

రెండేళ్ళ కిందట అక్కకి నొప్పి మొదలైంది. కుడివైపు, పక్కటెముకల కింద. తిన్న గంటకి వస్తుంది, వంగి కూర్చోబెడుతుంది. బావకి చెప్పింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"నొప్పి అనేది అనుభవించేవాళ్ళకే తెలుస్తుంది. నీ నొప్పి నాకెలా తెలుస్తుంది చెప్పు?" అన్నారు బావ.

"చెబుతున్నాను కదండీ!"

"చెప్పింది మాటలు. నొప్పి కాదు." అని లేచి టేబుల్ దగ్గరకి వెళ్ళారు. కొత్త పుస్తకానికి మొదటి అధ్యాయం దొరికింది మరి!

మా ఆవు నోరు తెరిచి ఏమీ చెప్పదు. మేత ముందర తల వంచకపోతే, వెనక కాలు ఒకటి తేలిగ్గా ఆనిస్తే, పశువుల డాక్టరుకి కబురు పెడతాం. ఆవుకి మనసుందా అని ఆయన అడగడు. పొట్ట నొక్కి చూస్తాడు. పాపం, ఆయనకి ఒక్క పేపరూ లేదు! ఎవరూ ఆయన్ని ఉదహరించరు కూడా.

ఇంతలో బావకి శాఖాధిపతి పదవి వచ్చింది. పదవి తీసుకున్నవాళ్ళు పెద్ద హాల్లో ఒక ఉపన్యాసం చదవాలని అక్కడ ఆనవాయితీ. బావ పెట్టుకున్న అంశం 'పరుల నొప్పి: తెలియగలదా?' అక్కని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. స్టేజీ మీద అధ్యక్షుడు, రిటైరైన పెద్దమనిషి, నియమాలు చదివి వినిపించాడు. ఉపన్యాసం మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. సందేహాలుంటే చెయ్యెత్తాలి. ఆయన వరస ప్రకారం రాసుకుని చివర్లో పిలుస్తాడు.

సభకి ముందు టిఫిన్లు పెట్టారు. నూనె బాగా పోసి చేసినవి. సరిగ్గా గంటయింది.

అక్క చెయ్యెత్తింది.

అధ్యక్షుడు కళ్ళజోడు పైనుంచి చూసి, తల ఊపి, కాగితం మీద రాసుకున్నాడు. "ప్రశ్నలు చివర్లో అమ్మా. మీది నాలుగోది," అన్నాడు మైకులో.

అక్క రెండో చెయ్యి కూడా ఎత్తింది. అధ్యక్షుడు రెండు ప్రశ్నలని దిద్దుకున్నాడు.

బావ తలెత్తలేదు. చదువుతూనే ఉన్నారు. "ఉదాహరణకి, మన ఎదురుగా కూర్చున్న ఒక వ్యక్తి ముఖం చిట్లించి, మెలికలు తిరుగుతోందని అనుకుందాం. ఆమెకి నొప్పి ఉందని మనం ఏ ఆధారంతో అనగలం?"

ముందు రెండు వరసలూ అక్క వైపు తిరిగాయి. ఎంత చక్కటి ఏర్పాటు! ఉదాహరణని వెంట తెచ్చుకున్న వక్తని వాళ్ళు అంతవరకూ చూడలేదు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన "బ్రహ్మాండమైన డెమాన్‌స్ట్రేషన్" అని పక్కాయన చెవిలో ఊది, పుస్తకంలో రాసుకున్నాడు. మనసుల మీద పరిశోధన చేసే తలకాయలు అరవై దాకా ఉన్నాయి ఆ హాల్లో. ఒక్కటీ లేవలేదు.

లేచింది టీలు ఇచ్చే ఆవిడ. ట్రే కింద పెట్టి గబగబా నడిచొచ్చింది.

"ఏంటమ్మా ఈ చెమటలు? ఎక్కడ నొప్పి?"

"అమ్మా, మీరు కూర్చోండి. ఆవిడ వంతు ఇంకా రాలేదు," అన్నాడు అధ్యక్షుడు.

"వంతేంటి సార్! ఆవిడ ప్రశ్న అడగట్లేదు, పడిపోతోంది!"

ఆవిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని అక్కని బయటికి తెచ్చి, ఆటోలో ఎక్కించాం. ఆస్పత్రిలో డాక్టరమ్మ పక్కటెముకల కింద వేలు పెట్టి నొక్కింది. నొక్కుతూ పొట్టని చూడలేదు, అక్క ముఖం చూసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్ళు. ఇంకో వారం ఆగితే ప్రాణం మీదికి వచ్చేదట. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు.

బావ మర్నాడు వచ్చారు. సభ పూర్తయ్యేసరికి ఆలస్యమైందట. ప్రశ్నల్లో నాలుగోది రాలేదని అధ్యక్షుడు నొచ్చుకున్నాడని కూడా చెప్పారు. మంచం పక్కన కూర్చుని, పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి అడిగారు.

"ఇప్పుడు నొప్పిగా ఉందా?"

మనిషి మారాడని నా గుండె తడిసింది. అప్పుడు చూశాను, ఆయన చేతిలో పెన్ను. మూత తీసే ఉంది.

అక్క కూడా చూసింది. "ప్రశ్నలు చివర్లో అండీ," అని గోడ వైపు తిరిగింది.

నేను పకపకా నవ్వాను.

"నువ్వేంట్రా నవ్వుతావు?" అంది అక్క, గోడ వైపు నుంచి తిరక్కుండానే. "మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను నీకు. 'అదే సర్దుకుంటుందిలే అక్కా' అన్నదెవరు? నిన్న చివర్లో కూర్చుని నా చెయ్యి చూళ్ళేదూ?"

చూశాను. మొదటి చెయ్యీ చూశాను, రెండోదీ చూశాను. పెద్దల సభ, మనమెందుకు లేవడం అనుకున్నాను. నాకు డిగ్రీ లేదు, పేపర్లు లేవు. ఆవు కాలు తేలిగ్గా ఆనిస్తే పట్టుకునే కళ్ళు మాత్రం ఉన్నాయి.

అందుకే మళ్ళీ గట్టిగా చెబుతున్నాను. ఎదుటి మనిషికి మనసుందో లేదో తేలకపోవడం గొప్ప వరం. బావ లాంటివాళ్ళు ఇంకో ముప్పయ్యేళ్ళు చర్చించాలి, చర్చిస్తూనే ఉండాలి! తేలిపోయిన రోజున ఆయన ఉద్యోగం పోతుందంతే. నేనైతే ఏ ముఖం పెట్టుకుని ఆస్పత్రిలో అక్క దగ్గరికి వెళ్ళను?