కోతపండుగ వేలంలో వీడియోగేముల పెట్టె

ఆ ఆదివారం పొద్దున తిమోతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో మూలకు దాచిన అట్టపెట్టెను భార్య చూడకుండా తీసి తన షాపులో పెట్టాలి. బస్టాండులో చాంద్‌పాషాను కలవాలి. ఆ తర్వాత బుద్ధిగా చర్చికి వెళ్లి కోతపండుగ ఆరాధనలో కూర్చోవాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది, మీరే చెప్పండి.

పెట్టెలో ఉన్నవి పాత వీడియోగేములు. చొప్పదండిలో మోటార్ల వైండింగ్ చేసుకునే తిమోతికి ఉన్న పిచ్చి అదొక్కటే. ఎవరి అటక మీదో మూలుగుతున్న క్యాసెట్టు, ఎలుకలు వైరు కొరికేసిన కంట్రోలరు, ఏది దొరికినా కారుచౌకగా తెచ్చుకునేవాడు. తుడిచి, తీగ అతికి, క్యాసెట్టులోకి ఒకసారి ఉఫ్‌మని ఊది పెడితే టీవీలో రంగులు లేచేవి. తను పుట్టకముందు ఎవరో చేసిన యంత్రం ఇంకా బతికే ఉందా అని ప్రతిసారీ అతని ఒళ్లు జలదరించేది. వాటిలో పడవల పందెం క్యాసెట్టు అతని ప్రాణం. ఏళ్ల తరబడి వెతికి పట్టాడు. కానీ అది ఇద్దరు కలిసి ఆడే ఆట, ఉన్న కంట్రోలరు ఒక్కటే. ఆ రెండోది కరీంనగర్‌లో పాత సామాన్లమ్మే చాంద్‌పాషా ఈరోజే తెస్తానన్నాడు.

భార్య మహిమకు మాత్రం అదంతా తుక్కు. "ఇంకొక్క వైరు ఇంట్లకు తెచ్చినవనుకో, గా డబ్బ మొత్తం పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చేటోనికి ఏసేస్త" అని వారం కిందటే తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే తిమోతి బాగా ఆలోచించి, ఆ ఇంట్లో ఎవరూ ముట్టని ఒకేఒక్క చోట పెట్టెను దాచాడు. కోతపండుగకని దేవుని వంతు తీసిపెట్టిన మూల అది. మక్కల బస్తా వెనక, గుమ్మడికాయల పక్కన పెట్టాడు. దేవునికని ఒకసారి పక్కన పెట్టాక మహిమ అటు చీపురు కూడా పోనివ్వదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

తిమోతి గడ్డం గీసుకుని వచ్చేసరికి మూల ఖాళీగా ఉంది.

"గీడున్నయేవి?" అన్నాడు, సబ్బు ఇంకా కడుక్కోని ముఖంతోనే.

"బాపు జల్ది వచ్చి ఆటోల ఏసుకపోయిండు. ఒక్కటి గూడ ఇడువలే. ఏంది, గట్ల గుడ్లు తేలేసినవ్?"

"ఏం లే" అని తిమోతి చెప్పులు మరిచి పరుగెత్తాడు.

మహిమ తండ్రి దేవసహాయం సంఘపెద్ద. తిమోతి చర్చికి చేరేసరికే పాస్టరయ్య అందరి కానుకల రాశి మీద చేతులు చాచి ప్రార్థన ముగించాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఇక అది దేవుని సొత్తు. కావాలంటే ఎవరైనా సరే వేలంలో పాడుకోవాల్సిందే. వేలం వేసేది దేవసహాయమే. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు.

గుమ్మడికాయలయ్యాయి, పుంజయింది, మేకపోతయింది. పెట్టె వంతు వచ్చింది. దేవసహాయం మూత తీసి లోపలికి చూశాడు. "గిదేందో మరి! కరెంటు సామానున్నట్టున్నది. పాడుండ్రి" అన్నాడు.

ఆ మాట పూర్తికాకముందే తిమోతి పాట పాడాడు. అదీ ఎవరూ అడగని అంత పెద్ద పాట.

అక్కడే దెబ్బతిన్నాడు. ఏటా సొరకాయ దగ్గర కూడా వెనకాముందూ చూసే మనిషి, తెలియని డబ్బాకు అంత పాడాడంటే అందులో ఏదో ఉందన్నమాట! వరికోత మిషన్లున్న జేమ్స్ వెంటనే పాట పెంచాడు. తిమోతి ఇంకా పెంచాడు. చూస్తుండగానే అట్టపెట్టె పుంజును దాటింది, మేకపోతునూ దాటింది. జనం నోళ్లు తెరిచారు. చివరికి జేమ్స్ తగ్గాడు, పెట్టె తిమోతిదైంది. అతని ప్రాణం లేచొచ్చింది.

కానీ మామకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చర్చిలో ఒక అలవాటుంది. పాడుకున్నవాళ్లు భక్తి ఉంటే అదే వస్తువును తిరిగి దేవునికే ఇచ్చేస్తారు, దాన్ని మళ్లీ వేలం వేస్తారు. అల్లుడు చెప్పులు కూడా లేకుండా వచ్చి అంత పాట పాడాడంటే భక్తి కాక మరేమిటి?

"మా అల్లుడు గీ డబ్బను మల్ల దేవునికే ఇస్తుండు!" అని దేవసహాయం గర్జించాడు. చప్పట్లతో చర్చి దద్దరిల్లింది.

"మామా, జరాగు..." అన్న మాట ఆ హోరులో కొట్టుకుపోయింది.

రెండో వేలం మొదలవుతుండగా, బస్టాండులో చూసి చూసి విసిగిన చాంద్‌పాషా కంట్రోలరు పట్టుకుని, తిమోతిని వెతుక్కుంటూ చర్చి గుమ్మంలోకొచ్చాడు. మామ చేతిలో క్యాసెట్టు చూడగానే ఆగలేకపోయాడు. "అరె వా! పడవల పందెం! సాబ్, కాగజ్‌నగర్ దాంక తిరిగినా గిసొంటిది దొరకది!"

ఊరుకోమని తిమోతి చేతులూపాడు. ఇంకా పొగడమంటున్నాడనుకున్నాడు చాంద్‌పాషా. సరుకును తక్కువచేసి మాట్లాడటం ఆయనకు పుట్టుకతోనే రాదు. "పైసలున్నోళ్లు ఆలోచన చెయ్యొద్దు" అని కూడా కలిపాడు.

జేమ్స్ లేచి నిలబడ్డాడు. అతను పాడిన మొత్తాన్ని తిమోతి షాపు అమ్మినా అందుకోలేడు. బలిపీఠం ముందున్న ఆ అట్టపెట్టె వైపు చూస్తూ నిలబడిపోయాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

"ఒకటోసారి... రెండోసారి..."

"నా పడ్డ!" అని ఆడవాళ్ల వైపు నుంచి గొంతు వినిపించింది.

మహిమ. దూడ నాటి నుంచి తన చేత్తో కుడితి పెట్టి పెంచి, వచ్చే ఏడు ఈనుతుందని ఊరంతా చెప్పుకునే బర్రెపడ్డ అది. పాస్టరయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పడ్డ ముందు నిలిచే పాట ఆ చర్చిలో ఇంతవరకూ ఎవరూ పాడలేదు. జేమ్స్ మెల్లగా కూర్చున్నాడు.

"మూడోసారి! మా బిడ్డ గూడ దీన్ని మల్ల దేవు..."

"బాపూ!" అంది మహిమ.

దేవసహాయం జీవితంలో మొదటిసారి మధ్యలో ఆగి, పెట్టెను మర్యాదగా కూతురి చేతికిచ్చాడు.

దారిలో తిమోతి జరిగిందంతా ఒప్పుకున్నాడు. "నీకు కోపం రాలేదా?" అని అడిగాడు.

"ఎందుకు రాలే! దేవుని వంతుల దాస్తవా, సిగ్గులేదు? కని నువ్వు గట్ల ఏడుపు మొకం పెడితె నా పానం ఆగలే. అదిగాక, గా జేమ్సుకు ఇడిచిపెడుతనా? ఇగ గిది నాది. ఏముందో నేనే చూస్త."

ఆమె వైపు తిమోతి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

మధ్యాహ్నం రెండు కంట్రోలర్లు పెట్టి, క్యాసెట్టు ఊది, టీవీ వేశాడు. నీలం నీళ్లు లేచాయి, వాటి మీద రెండు పడవలు నిలబడ్డాయి. "అవ్వో!" అని మహిమ గుండె మీద చెయ్యేసుకుంది. తర్వాత ఆమె పడవ కదిలింది. తిమోతి పడవ మళ్లీ ముందుకు రానేలేదు.

సాయంత్రం దేవసహాయం వచ్చి ప్రార్థనకు వేళయిందని గుమ్మంలోంచి పిలిస్తే, "నువ్వు నడువు బాపూ, గీ ఒక్క ఆట అయినంక వస్త" అని జవాబు వచ్చింది. తిమోతి అప్పటికే చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.