గ్యారేజీలో కొంకణీ చేప వేపుడు

కార్పెట్లు వాక్యూమ్ చేయాలి. బాత్రూమ్ కిటికీకి పట్టిన నల్ల బూజు గీకాలి. ఇంటి ముందు గడ్డి కోయాలి. ఓనరుకి చేప వేయించాలి. దేశంకాని దేశంలో, హాబ్సన్‌విల్‌లో ఆ ఆదివారం ఉదయభాస్కర్ కళ్లు తెరిచేసరికే ఇవన్నీ అతని నెత్తిన కూర్చుని ఉన్నాయి.

ఓనరు పాండురంగ కామత్ కొంకణీ ఆయన. హైదరాబాదులో చాలాకాలం ఉద్యోగం చేసి తెలుగు పట్టుకున్నాడు. మధ్యాహ్నం వచ్చి ఇల్లు చూశాకే అద్దె ఒప్పందం పొడిగించేదీ లేనిదీ చెబుతానన్నాడు. ఇల్లు పోతే కూతురు నిహారిక మళ్లీ బడి మారాలి. ఎన్ని బళ్లు మారినా ఎవరితోనూ కలవని పిల్లకు ఇక్కడే మొదటిసారి ఒక స్నేహితురాలు దొరికింది.

"భోజనం టైముకొచ్చే మనిషిని ఊరికే పంపిస్తామా? వాళ్ల పద్ధతిలో చేప వేయిద్దాం," అంది భార్య ఉషశ్రీ.

"ఇల్లంతా వాసనొస్తే?"

"అందుకే గ్యారేజీలో. షట్టర్ దించుకుని చెయ్యండి."

"నేనా?"

"కార్పెట్లు మీరు చేస్తానంటే చెప్పండి, చేప నేను చూసుకుంటా."

ఉదయభాస్కర్ కార్పెట్ల పొడవు చూసి చేపవైపు మొగ్గాడు. ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి నూరిన ముద్దను స్నాపర్ చేప ముక్కలకు పట్టించాడు. బొంబాయి రవ్వలో పొర్లించి, కరెంటు స్టవ్ మీద కాగిన పెనంలో వేశాడు. మూసిన గ్యారేజీలో మిరప ఘాటు అతని గొంతు పట్టుకుంది. షట్టర్ ఎత్తితే వీధంతా తెలుస్తుందని ఇంట్లోకి ఉన్న తలుపు తీశాడు. పొగ అతనికంటే ముందు లోపలికి నడిచింది.

స్మోక్ అలారం అందుకుంది. అతను కుర్చీ ఎక్కి దానికి పూల షవర్ క్యాప్ తొడిగాడు. ఉషశ్రీ దగ్గుతూ కిటికీలన్నీ బార్లా తెరిచింది. బయటికొచ్చిన పొగ చూసి పక్కింటి ముసలావిడ మంచి మనసుతో ఫైర్ సర్వీసుకి ఫోన్ చేసింది.

"డాడీ, ఫైర్ ట్రక్ మన హౌస్‌కేనా?" అంది నిహారిక.

మన హౌస్‌కే. దాని వెనకే కామత్ కారు.

ఫైర్ ఆఫీసరు తలెత్తి షవర్ క్యాప్ చూశాడు. అది అక్కడ ఎందుకుందని అడిగాడు. దుమ్ము పడకుండా, అన్నాడు ఉదయభాస్కర్. ఆఫీసరు దాన్ని ఊడదీశాడు. అలారం మళ్లీ మొదలైంది.

కామత్ నేరుగా గ్యారేజీలోకి వెళ్లాడు. ఉదయభాస్కర్ వెంట పరిగెత్తాడు.

"సర్, మేం ఎప్పుడూ ఇలా చెయ్యం సర్. పాప స్కూల్ కోసమైనా..."

కామత్ చిన్న ముక్క తుంచి నిలబడే నమిలాడు.

"రవ్వ మాడింది."

"సారీ సర్."

"కారం మాత్రం కుదిరింది." ఇంకో ముక్క తుంచాడు. "మా కోడలు కొత్త కిచెన్ కట్టించుకుంది. చేప మాటెత్తనివ్వదు. ఇల్లు మీకే ఉంచుతా. ప్రతి ఆదివారం ఈ గ్యారేజీ మాత్రం నాకు కావాలి."

"అంతకంటేనా అంకుల్," అంది ఉషశ్రీ గుమ్మంలోంచి.

"చేప నేను తెస్తా. మోకాళ్ల నొప్పి, నిలబడలేను. కూర్చుని చెబుతుంటా, ఉదయ్ వేయిస్తాడు."

వారంలో ఉదయభాస్కర్ కాస్త నిద్రపోయేది ఆదివారమే. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఆదివారం మీరు భోంచేసి నడుం వాల్చినప్పుడు ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఆ సమయానికి అతను చేపను రెండో వైపు వేయిస్తుంటాడు.