మాస్టారి సీజన్ టికెట్టు

ఆ శనివారం ఉదయం పెసరట్టు తింటూ బెంజమిన్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వాలీబాల్ క్లబ్బుకి వెళ్లాలి, సీజన్ టికెట్టు రద్దు చేయించుకోవాలి, వస్తూ వస్తూ కొత్తిమీర తేవాలి. సాయంత్రం చర్చిలో కాయిర్ ప్రాక్టీసు. ఆయన భార్య ఝాన్సీయే ఆ పాటల బృందానికి పెద్ద. క్రిస్మస్ పాటలకి ఒక బరువైన మగ గొంతు కావాలని నిరుడంతా ఆయన్ని బతిమాలింది. కాయిర్ శనివారమే, మ్యాచ్‌లూ శనివారమే. ఈ ఏడు పాటకే వస్తానని ఆయన మాటిచ్చేశారు.

"రద్దు చేస్తారంటారా?" అంది ఝాన్సీ.

"ఎందుకు చెయ్యరు? నా టికెట్టు, నా ఇష్టం."

అమలాపురం క్లబ్బు కార్యదర్శి బంగారరాజు గారు కుర్చీ వేయించి, బొండాం కొట్టించి, చెప్పిందంతా విని, ఒప్పందం కాగితం తీశారు. మూడు సీజన్లు చూసి తీరాలి. మధ్యలో మానుకోవాలంటే జిల్లా వదిలి పోవాలి, లేకపోతే ఆరోగ్యం బాగోకూడదు.

"మీరు జిల్లా దాటి వెళ్లిపోతన్నారాండి?"

"లేదండి."

"మరి ఒంట్లో ఏవైనా..."

కాయిర్ సంగతి చెప్పేస్తే పోయేది. కానీ ఆట కన్నా పాట ఎక్కువైందా అని రాజుగారు చిన్నబుచ్చుకుంటారేమోనని మాస్టారికి మొహమాటం అడ్డొచ్చింది. "చెవులండి. ఈ మధ్య చప్పుడు పడటం లేదు" అనేశారు.

"అయ్యో, అలాగాండి. ఆయ్, మీరేం బెంగెట్టుకోకండి. నేను చూసుకుంటాను."

రద్దయినట్టే అనుకుని మాస్టారు కొత్తిమీర కొనుక్కుని ఇంటికి వచ్చారు. అప్పటికే ఆయన చెవుల కబురు క్లబ్బు వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. మధ్యాహ్నానికి ఒకాయన వెల్లుల్లి కాచిన నూనె పంపించాడు. కొత్తపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసి తన మరిదికి నయమైన వైద్యం చెప్పింది.

"చెవులేమిటండీ?" అంది ఝాన్సీ.

"తర్వాత చెబుతాను."

సాయంత్రం ఆయన చర్చికి బయల్దేరబోతుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. "రాజుగారు మిమ్మల్ని మ్యాచ్‌కి జాగ్రత్తగా తీసుకురమ్మన్నారండి. మీ చెవులకి ఏర్పాట్లన్నీ చేసేరంట" అన్నాడు డ్రైవరు.

ఝాన్సీ పాటల పుస్తకం చంకలో పెట్టుకుంది. "మైదానం వెనకేగా చర్చి. వెళ్లి ఆ మాటేదో తేల్చుకుని, గోడ పక్కనుంచి వచ్చేయండి."

మైదానంలో అడుగుపెట్టి మాస్టారు చుట్టూ చూశారు. డప్పులు లేవు. స్పీకర్లకి గోనెసంచులు చుట్టారు. రిఫరీ ఈల మానేసి చేతిరుమాలు ఊపడానికి ఒప్పుకున్నాడు. రాజుగారు గ్యాలరీలో వరుస వరుసకీ తిరుగుతూ, "మన మాస్టారికి చెవులు బాగోలేవండి. ఈ పూటకి చప్పట్లు కొట్టకండి, చేతులూపితే చాలు" అని చెబుతున్నారు. "ఆయ్, దానికేవుందండి" అని జనమంతా ఒప్పుకుంటున్నారు.

"నా ఒక్కడి కోసం ఇంత శ్రమ దేనికండి, నేనే ఇంటికి పోతాను" అన్నారు మాస్టారు.

"ఆడ్డానికొచ్చిన రాజోలు వాళ్ల ముందు మా మర్యాదేం కావాలండి?" అంటూ రాజుగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సీట్లో కూర్చోబెట్టారు.

పక్క సీటు పాపాయమ్మది. ఓడలరేవులో చేపల వ్యాపారం ఆమెది. కొడుకు శివాజీ అమలాపురం జట్టులో ఆడతాడు. వాడు బంతి ముట్టుకుంటే చాలు, ఆమె కేకకి గ్యాలరీ రేకులు అదిరేవి. అలాంటి మనిషి ఇవాళ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఆట మొదలైంది. అంత మంది జనంలో బంతి చప్పుడు తప్ప మరొకటి లేదు. దగ్గొచ్చిన వాళ్లు లేచి గేటు బయటికి వెళ్లి దగ్గి వస్తున్నారు. శివాజీ మాటిమాటికీ తల్లి వైపు చూస్తున్నాడు. అమ్మ కేక వినపడక వాడి చెయ్యి లేవడం లేదు. కొట్టిన బంతల్లా వలకి తగులుతోంది. రాజోలు జట్టు హాయిగా గెలిచే దారిలో పడింది.

మాస్టారికి ముళ్ల మీద కూర్చున్నట్టుంది. "పాపాయమ్మ గారూ, పర్లేదు, కేకెయ్యండి" అన్నారు మెల్లగా.

ఆమె కొంగు తీసి, అంతకన్నా మెల్లగా అంది: "వద్దులెండి మాస్టారూ. ఆట మళ్లీ వారం కూడా ఉంటాది. మీ చెవులు పోతే ఎక్కణ్ణించి తెస్తాం?"

మళ్లీ కొంగు కుక్కుకుంది. అప్పుడే శివాజీ మీదికి బంతి లేచింది. మాస్టారు ఎప్పుడు లేచి నిలబడ్డారో ఆయనకే తెలియదు.

"కొట్రా శివాజీ!"

ఆ నిశ్శబ్దంలో అది పిడుగులా పడింది. శివాజీ కొట్టాడు. బంతి రాజోలు వాళ్ల కాళ్ల మధ్య పడింది. గ్యాలరీ మొత్తం మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, చెవులండి?" అన్నారు రాజుగారు.

"బాగానే ఉన్నాయండి. మా ఆవిడ కాయిర్‌లో పాడతానని మాటిచ్చేను. మీకు చెప్పడానికి మొహమాటపడ్డాను."

పాపాయమ్మ కొంగు తీసి, అంతసేపూ దాచుకున్న కేకంతా ఒక్కసారే వదిలింది. ఎక్కడో దాచిన డప్పులు వచ్చాయి, గోనెసంచులు ఊడాయి. ఆ పూట అమలాపురం గెలిచింది. అరిచి అరిచి మాస్టారి గొంతు బొంగురుపోయింది.

తలవంచుకుని చర్చి గేటు దగ్గరికి వెళ్లేసరికి ప్రాక్టీసు అయిపోయింది. ఝాన్సీ బయటే నిలబడి ఉంది.

"మొదటి కేక మీదేనా?"

"నాదే."

"మేం సన్నగా పాడే చోట వచ్చి పడిందండి. కీబోర్డు వాయించే రేచల్ హడలిపోయి దాని మీద రెండు చేతులూ వేసేసింది. ఆ గొంతు పాటలో ఇమిడేది కాదు. మీరు మీ సీట్లోనే ఉండండి."

"మరి మాటిచ్చేను కదా."

"ఆ మాట నేనే రద్దు చేసేను లెండి," అంది ఆమె నవ్వాపుకుంటూ.

మాస్టారు బాధపడుతున్నట్టు కనబడాలని ప్రయత్నించారు గాని, మొహం సహకరించలేదు.

సోమవారం బంగారరాజు గారు జీవితకాలపు టికెట్టు పట్టుకుని ఇంటికి వచ్చారు. మధ్యలో మానుకోవాలంటే ఏం చెయ్యాలో అందులో ఎక్కడా లేదు. మాస్టారు వెతకనూ లేదు.