లాన్‌ను తవ్విన ఇంజనీర్లు

ఇంటి ముందు బురద లేనివాడంత దురదృష్టవంతుడు లోకంలో లేడు! నవ్వకండి. అనుమానముంటే వానాకాలంలో సూరత్ వచ్చి, గోడాదరాలో మా సోమలింగం ఉండే సొసైటీ చూడండి.

ముప్పై ఏళ్లు లూమ్ నడిపి ఇంటిపట్టున కూర్చున్న సోమలింగానికి ఇద్దరు వారసులు: కాలియా, మోతీ. ఇద్దరికీ తోకలున్నాయి. సొసైటీ లాన్‌ను రోజుకింత ఎనిమిది కాళ్లతో ఇంట్లోకి మోసుకొస్తారు. పోయిన శ్రావణంలో మంచం కింద వరి మొలిచిందనీ, భార్య గంగవ్వ మానెడు వడ్లు దంచిందనీ సోమలింగం ఒట్టేసి చెబుతాడు. కౌలు లేదు, మోటారు లేదు, పొలం మన కాళ్ల దగ్గరికే వస్తుంది! ఇంతకన్నా వరమేముంది?

చైర్మన్ శ్యాంసుందర్ గారికి మాత్రం ఈ వ్యవసాయం నచ్చలేదు.

"లాన్‌ను నీ కుక్కలే తవ్వి బురద జేస్తున్నయ్ కాకా. ఆదివారం దాకా చూస్త. ఎండకపోతే కుక్కల బండి పిలిపిస్త, పట్టుకపోతరు."

"జర ఆగు బిడ్డా. బురద సంగతి నేను చూసుకుంట."

చూసుకున్నాడు. ఊళ్లో అయితే బురద మీద పాత ధోవతి పరిస్తే తడి పీల్చేది. మరి సూరత్‌లో గుడ్డకు కరువా? రింగ్ రోడ్ బట్టల మార్కెట్ నుంచి రెండు బస్తాల చీర పీలికలు తెచ్చి పరిచాడు. లాన్ పెళ్లికూతురైంది! కానీ జన్మంతా పాలిస్టర్ నేసినవాడు, పాలిస్టర్ చుక్క నీళ్లు తాగదన్న సంగతే మరిచిపోయాడు. దానిమీద కాలు పెట్టిన చైర్మన్ గారు జారుకుంటూ పక్కపేట పర్వత్ పాటియా దాకా పోయారని సోమలింగం అంటాడు. మనం గేటు దగ్గరే ఆపుదాం.

"ఆదివారం లేదు, ఏం లేదు! రేప్పొద్దుగాలనే బండి!" అని ఆయన కూలబడ్డచోటు నుంచే కేకేశారు.

గంగవ్వ కాలియా మెడ చుట్టూ చేతులేసి మొగుణ్ని కసిరింది.

"నీకన్న ఇవే నయమయ్యా! నెల రోజులసంది ఒక్కతాన్నే ఎందుకు తవ్వుతున్నయో ఒక్కనాడన్న చూసినవా?"

సోమలింగం పోయి చూశాడు. గొయ్యిలో మరో జానెడు తవ్వితే ఇనుప మూత తగిలింది. గట్టర్ మూత, అదే మురుగుకాలువ మూత! పోయినేడు సొసైటీ అందంగా ఉండాలని దానిమీద మట్టి పోయించి, గడ్డి వేయించి, రిబ్బన్ కత్తిరించినవారు ఎవరో చెప్పాలా? మూత లేపగానే నీళ్లు గుటగుటా దిగిపోయాయి. తెల్లారేసరికి లాన్ కాలికి అంటడం మానేసింది. బండి రాలేదు.

అందుకే అంటున్నాను, బురద వరమని. అది లేకపోతే మూత దొరికేదా? దొరక్కపోతే తప్పంతా నోరులేని కుక్కలదేనని మనమంతా సొసైటీ మీటింగులో చేతులెత్తేవాళ్లం కామా?

ఇప్పుడా మూత పక్కన పాలరాతి పలక ఉంది: 'చైర్మన్ శ్యాంసుందర్ గారి దూరదృష్టితో నీటి సమస్యకు పరిష్కారం.' కాలియా, మోతీల పేర్లు చెక్కించలేదు. పాపం, అవేమీ అనుకోలేదు. రోజూ పొద్దున్నే పోయి, ఒకదాని తర్వాత ఒకటి, ఆ పలక మీద సంతకం పెట్టి వస్తున్నాయి.

కాలెత్తి.