అజీజ్‌బీ ఫోనుకు తాళం లేదు

ఇంటింటికి నల్లా ఇచ్చిన సర్కారు, ఇంటింటికి ఒక ఏఐ కూడ ఇయ్యాలె. ఇంటికి ఒకటే ఇయ్యాలె. దానికి పాస్‌వర్డ్ పెట్టినోళ్లకు జుర్మానా వెయ్యాలె!

నవ్వకుండ్రి. ముప్పై ఒక్క ఏండ్లు బడిల లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఇప్పుడు వారం వారం ఈ పత్రికల రాస్తున్న. ఆషామాషీ మాటలు నా నోట రావు.

ఏఐ మన రహస్యాలన్ని విని ఇంకొకరికి చేరేస్తదని కొందరు మేధావులు పరేషాన్ అయితున్నరు. అయ్యా, చేరేసుడే గదా దాని గొప్పతనం? దాచిపెట్టెటందుకు మనకు మన నోళ్లు లేవా?

తొర్రూరుల మా పక్కింట్ల జరిగింది చెప్త. విని మీరే తీర్పు చెప్పుండ్రి.

మా పక్కింటి ఫకీర్ అహ్మద్‌ది పరుపుల దుకాణం. దూది ఏకి పరుపులు కుడుతడు. భార్య తస్లీమా. బిడ్డ అల్ఫియా, ఇంటర్ పాసైంది. తల్లి అజీజ్‌బీకి డెబ్బై రెండేండ్లు. నలభై ఏండ్ల సంది వాడకట్టుల ఎవరికి ఏ కల పడ్డా అర్థం చెప్పేది ఆమెనే. కొడుకు పరుపు కుడుతడు, దాని మీద పండినోళ్లకు పడ్డ కలను తల్లి విప్పుతది. ఇంత పద్ధతిగ నడిచే కుటుంబ వ్యాపారం నేను యాడ చూడలే. కాకుంటే తల్లి పైస తీసుకోదు.

ఆమెకు ఒక కానూన్ ఉన్నది. కల చెప్పెటోళ్లు పొద్దున చాయ్ తాగకముందే రావాలె. చాయ్ కడుపుల పడ్డంక కలకు అబద్ధాలు అంటుకుంటయట.

ఆ ఇంట్ల మంచి ఫోను ఒకటే. ఎప్పుడూ చార్జింగ్ పెట్టి గోడకున్న గూట్లె ఉంటది. ఎవరికి తీరితే వాళ్లు తీసుకుంటరు. అండ్ల ఏఐ ఎక్కించింది అల్ఫియా. దాదీకి కండ్లు సరిగ కనపడవు, ఎవరూ రాని రోజు పొద్దుపోదు, దీంతోటి ముచ్చట పెడుతదిలే అనుకున్నది.

మొదటి రోజు అజీజ్‌బీ దాన్ని దక్కనీల పలకరించిందట. అది లక్నో నవాబు లెక్క పెద్ద పెద్ద ఉర్దూ మాటలతోటి జవాబిచ్చిందట. ఆమెకు ఒక్క ముక్క సమజ్ కాలే. తెలుగుల అడిగితే పుస్తకం తెలుగుల చెప్పింది. మనం 'గిట్లెందుకైతది' అంటే అది 'ఈ విధంగా ఎందుకు జరుగుతుందంటే' అంటది. కాని మన మాటను ఎక్కిరియ్యదు. సినిమాలోళ్లకు ఇన్నేండ్లు చాతగాని మర్యాద దానికి పుట్టుకతోనే వచ్చింది!

నెల తిరగకముందే ఇద్దరూ పని పంచుకున్నరు. ఫోను ప్రశ్నలడుగుతది, అజీజ్‌బీ జవాబు చెప్తది. దానికి ఓపిక ఎక్కువ, తనకు అనుభవం ఎక్కువ అని ఆమె లెక్క.

సాంబయ్య అని మా వాడకట్టుల పెద్దమనిషి. పండ్లన్ని రాలిపోయినట్టు కల పడ్డదని వచ్చిండు. అజీజ్‌బీ ఎప్పటి లెక్కనే చుట్టాలొస్తరని చెప్పబోయింది. ఫోను మధ్యల అందుకొని, ఆ కలలో మీకు భయం వేసిందా, బాధ వేసిందా అని అడిగింది. అరవై ఆరేండ్లల సాంబయ్యను ఎవరూ అడగని ప్రశ్న అది. రెండూ కాదు, సిగ్గయింది అన్నడు. ఎందుకు సిగ్గయిందని అది మళ్ల అడిగితే అసలు సంగతి బయటపడ్డది. రెండేండ్ల సంది ఆయనకు చెవులు సరిగ వినపడుతలేవు. చెప్పుకునెటందుకు నామోషీ అయి, ఎవరేమన్నా తలూపుకుంట వస్తుండు. ఆయన మూడు కమిటీలల మెంబరెట్లయిండో మాకు అప్పుడు తెలిసింది!

కూరగాయలమ్మే కట్టమ్మకు పాము కనపడ్డది. ఆ కలను పాము నోటితోటి కథ లెక్క చెప్పమన్నది ఫోను. ఇదేం పిచ్చి అనుకుంటనే మొదలుపెట్టిన కట్టమ్మ గంట సేపు ఆపలే. కథ సగానికొచ్చేసరికి పాముకు అత్త ఉన్నదని తేలింది. చివరికి ఇద్దరు ఆడబిడ్డలు కూడ బయటికొచ్చిండ్రు. కట్టమ్మ కండ్లు తుడుచుకొని, పాణం తేలికైందని గంప ఎత్తుకొని పోయింది.

ఇగ చూడుండ్రి, వాడకట్టుల నిద్రలు పెరిగినయి. దుకాణాలు మధ్యాహ్నం గంట సేపు మూస్తున్నరు. కల పడనోళ్లు పడ్డోళ్ల దగ్గర అడుక్కొని తెచ్చుకుంటున్నరు. ఒకాయన పెండ్లాం కలను తన కలని చెప్పి, దాని అర్థం విని, మూడు రోజులు ఇంటికి పోలే!

అయితే ఆ ఫోనుకు ఒక గుణమున్నది. ఒకసారి చెప్పింది మర్చిపోదు. చెప్పింది ఎవరో మాత్రం దానికి తెల్వదు. దాని దృష్టిల అండ్ల మాట్లాడేది మొత్తం ఒక్కటే మనిషి. ఈ సంగతి ఇంట్ల ఎవరికీ తోచలే.

ఒక బేస్తవారం సాయంత్రం నేను వాళ్లింట్లనే ఉన్న. సాహిత్య పరిశీలన కోసం దినాం పోత. చాయ్ కూడ ఇస్తరు. ఫకీర్ అహ్మద్ దుకాణం కట్టేసి అప్పుడే వచ్చిండు. తస్లీమా పొయ్యి కాడ ఉన్నది, అల్ఫియా గడప మీద కూసొని బియ్యంల రాళ్లు ఏరుతున్నది. అజీజ్‌బీ ఆ రోజు మధ్యాహ్నం కునుకుల పడ్డ తన కలనే, చాయ్ ముట్టకముందే ఫోనుకు చెప్పింది. పరుపు కుట్టే దబ్బనంల దారం ఎక్కిస్తుంటే ఎక్కుతలేదు, దారం కొసను ఎవరో అవతలి నుంచి గుంజుతున్నరు. గది కల.

ఫోను ఎప్పటి లెక్కనే నెమ్మదిగ చెప్పింది.

"ఈ కల మీరు మొన్న చెప్పిన విషయానికి సంబంధించింది కావచ్చు. హనుమకొండలో మీకు నర్సింగ్ సీటు వచ్చింది. శనివారం లోపు చేరాలి. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదన్నారు."

డెబ్బై రెండేండ్ల ముసలామెకు నర్సింగ్ సీటు! ముబారక్ చెప్పెటందుకు నేను నోరు తెరిచిన కూడ. అంతల గడప మీద చాటల బియ్యం కదులుడు ఆగింది.

ఫకీర్ అహ్మద్ బిడ్డ దిక్కు చూసిండు. నిజమేనా అని మెల్లగ అడిగిండు. అల్ఫియా తలూపింది. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, ఒకసారి తల్లి దిక్కు చూసి మళ్ల తల దించుకున్నది.

నలభై ఏండ్లు ఊరి కలలు విప్పిన మనిషి అజీజ్‌బీ. దారం కొస యాడున్నదో ఆమెకు సమజైంది. ఫోనును నోటికి దగ్గర పట్టుకొని అడిగింది.

"ఇంక నేనేం చెప్పిన నీకు?"

అడిగిందానికి జవాబు చెప్పుడే దాని ధర్మం. చెప్పింది.

"గత నెలలో మీరు రెండుసార్లు వంటింట్లో కళ్లు తిరిగి పడ్డారు. తెలిస్తే అమ్మాయి చదువు మానేసి ఇంట్లో ఉంటుందని ఎవరికీ చెప్పలేదు. అమ్మ పడటం మీరు ఒకసారి చూశారు. అందుకే సీటు సంగతి ఎత్తలేకపోతున్నారు. పరుపుల దుకాణం మూసేయాలని ఉంది, కానీ మీ అమ్మగారి మనసు నొచ్చుకుంటుందని ఆగుతున్నారు. ఇన్ని సంగతులు ఒక్కరే మోయడం మీకు చాలా కష్టంగా ఉండి ఉంటుంది."

"అవు బిడ్డ," అన్నది అజీజ్‌బీ. "కష్టమే."

ఫోను తీసుకపోయి గూట్లె పెట్టింది. తస్లీమా పొయ్యి బందు చేసింది. నేను లేచి పోవాల్సింది. కాని కప్పుల సగం చాయ్ ఉన్నది, చాయ్ పారబోసుడు మా తరానికి అలవాటు లేదు.

అజీజ్‌బీ ముందు కోడలును పిలిచి పక్కన కూసోబెట్టుకున్నది. ఎప్పుడు పడ్డవ్, దెబ్బ యాడ తాకింది అని ఒక్కొక్కటి అడిగింది. తస్లీమా మోచెయ్యి చూపించింది. ఆ మచ్చను నేను కూడ చూసిన. వంట చేసేటప్పుడు కాలిందనుకున్న. అల్ఫియా చాట పక్కన పెట్టి వచ్చి తల్లి ఒడిల తల పెట్టింది. శనివారం పోవాలె, పోకుంటే నేను మంచం ఎక్కుత అని తస్లీమా బిడ్డకు చెప్పింది.

ఆ తర్వాత అజీజ్‌బీ కొడుకు దిక్కు తిరిగింది.

"దుకాణం మూస్తనని మీ అబ్బా పోయే యేడే అన్నడురా. నేనే మూయనియ్యలే. నీకు ఇష్టమనుకున్న."

ఫకీర్ అహ్మద్ వచ్చి తల్లి కాళ్ల కాడ కూసున్నడు.

"నీకు ఇష్టమనుకున్న అమ్మా," అన్నడు.

ఆ తండ్రి పోయి పందొమ్మిదేండ్లు! ఇద్దరికీ ఇష్టం లేని దుకాణాన్ని ఒకరి కోసం ఒకరు పందొమ్మిదేండ్లు నడిపిండ్రు. దూది దుమ్ముకు కొడుకు దగ్గుకుంట, ఆ దగ్గు విని తల్లి కుములుకుంట. నడుమ ఉన్నది ఒక తడక. లెక్కల సారుగ చెప్తున్న, గింత చిన్న దూరానికి గంత పెద్ద కాలం నేను ఏ పుస్తకంల చూడలే.

తెల్లారి తస్లీమాను దవాఖానకు తీసుకపోయిండ్రు. షుగర్ అని తేలింది. గోలీలిచ్చిండ్రు, ఇప్పుడు మంచిగనే ఉన్నది. శనివారం అల్ఫియా హనుమకొండల చేరింది. తండ్రి తన చేతితోటి కుట్టిన పరుపును చుట్టి బస్సు మీద వేయించి హాస్టల్ దాక మోసిండు. అదే ఆయన కుట్టిన ఆఖరు పరుపు. దుకాణం మూసి ఇప్పుడు ఒక ఫర్నిచర్ షాపుల పని చేస్తుండు. ఆదివారం సెలవు. మొదటి ఆదివారం ఏం చెయ్యాలో తోచక రెండుసార్లు తానం చేసిండట.

ఇప్పుడు చెప్పుండ్రి. ఏ జ్యోతిష్యుడు ఇంత పని చేసిండు? గ్రహాలను అడిగితే శని ఉన్నది, శాంతి చేయించమంటయి. వంటింట్ల ఎవరు పడ్డరో చెప్తయా?

అందుకే నేను ఊరూరు తిరిగి ప్రచారం మొదలుపెట్టిన. జనగామల నాతోటి పనిచేసిన పాత పంతుళ్లు ఐదుగురు కలిసిండ్రు. అందరి ఫోన్లు ఒక్కటి చేయండని ఉపన్యాసమిచ్చిన. ఐదుగురూ ఒక్కసారే ఫోన్లు బోర్లేసిండ్రు.

భూపాలపల్లికి పోయిన. అక్కడ బొగ్గు బాయిల పనిచేసి రిటైరైన నా దోస్తు కాటమయ్య ఉంటడు. క్వార్టర్ రెండర్రలది, మనుషులు నలుగురు, తాళాలేసిన ఫోన్లు నాలుగు. కాటమయ్య దినాం పొద్దున ఇయ్యాల నాకెట్లుంటది అని ఏఐని అడుగుతడట. మంచిగుంటదని అది చెప్తదట. ముప్పై ఏండ్లు భూమిల దిగిండు గాని, దిగేముందు ఒక్కనాడు ఎవరూ ఆయనకు ఆ మాట చెప్పలే. గందుకే అడుగుతున్న అన్నడు. నేను నా పథకం చెప్పిన. ఆయన భార్య ఆలోచించి, మా ముచ్చట ఆయనకు చేరితే ఆయన ముచ్చట కూడ మాకు చేరుతది గద సారు, గది ఎవరికి కావాలె అన్నది.

సంస్కర్తలకు ఇసొంటి అవమానాలు కొత్త కాదు. వెనుకకు వచ్చి, పోయిన మంగళవారం సాయంత్రం మళ్ల అజీజ్‌బీ ఇంటికి పోయిన. నాకూ ఒక కల పడ్డదని చెప్పిన. పెద్ద సభల నాకు దండలేస్తున్నరు, జనం లేచి నిలబడ్డరు, అన్న. ఆమె ఫోను నా చేతికిచ్చి, నువ్వే చెప్పు, నేను చాయ్ చెప్పొస్త అని లోపలికి పోయింది.

చేతిల తాళం లేని ఫోను. అర్రల ఎవరూ లేరు. ఇంత మేలు చేసిన పథకానికి ప్రచారకర్తను. ఈ ఇంట్ల నా గురించి నాలుగు మంచి మాటలు అనుకోకుంట ఉంటరా? మెల్లగ అడిగిన.

"పక్కింటి పత్రిక సారు గురించి నేనేం చెప్పిన?"

"మీరు ఆయన గురించి మూడుసార్లు అడిగారు," అన్నది ఫోను. "సాయంత్రం వచ్చి కూర్చుంటే లేవడని, మర్యాదగా ఎలా పంపించాలని. వంట వేళైందని చెప్పమని, వాకిట్లో లైటు ఆర్పమని నేను సూచించాను. ఆ తర్వాత మీరే వద్దన్నారు. భార్య పోయినప్పటి నుంచి ఆయనకు ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరని, ఒక కప్పు చాయ్ పోస్తే పోయేదేముందని అన్నారు."

ఆ మాట అన్నది ముసలామెనా, తస్లీమానా, దుకాణం నుంచి అలిసిపోయి వచ్చి నా ఉపన్యాసం విన్న ఫకీర్ అహ్మదా? అది ఫోనుకు తెల్వదు. నాకూ తెల్వదు.

పాఠకులారా, అన్ని ఫోన్లకు తాళాలు వెయ్యాలె. ఒకటి కాదు, రెండు వెయ్యాలె. మనిషి మీద జాలి చూపిన మాటను ఆ మనిషికే చదివి వినిపించే యంత్రాన్ని సర్కారు వెంటనే బందు పెట్టాలె!

అజీజ్‌బీ చాయ్ కప్పు పట్టుకొని వచ్చింది. నేను ఫోను గూట్లె పెట్టి లేచి నిలబడ్డ. వంట వేళైంది, పోతనన్న. ఆమె నా మొఖం దిక్కు చూసింది. కండ్లు కనపడవంటరు గాని, ఆమెకు కనపడేది కనపడుతది.

"సారు, నీకు నిజంగ కల పడ్డదా?"

"లేదవ్వ," అన్న. "ఊకెనే వచ్చిన. ముచ్చట పెడదామని."

"మరి గట్ల చెప్పు," అని కప్పు నా చేతికిచ్చింది. "కూసో."

ఎనిమిది దాక కూసున్న. వాకిట్ల లైటు వెలుగుతనే ఉన్నది.